నాలుగో మూల

బొల్లారం బాటల ఆ రాతి చర్చికి
ఈ ఎండాకాలమంతా మేమే దిక్కు.
నేను, మా బామ్మర్ది ఎల్లేశం, ఇద్దరు కూలీలు,
గానుగల తిరిగే డంగుసున్నం.

సిమెంటు వద్దన్నరు ఈసారి.
ఎన్కట ఎవడో మెత్తిపోయిన సిమెంటు
గోడకు ఊపిరాడనియ్యలేదు,
పెచ్చులు పెచ్చులుగ ఊడింది.
అందుకే కరక్కాయ, బెల్లం నీళ్లు, నానిన మినుములు.
పాస్టరుగారి మనుమరాలు ముక్కు మూసుకొని అడిగింది:
గోడకు వంట చేస్తున్నవా తాతా?
ఔ బిడ్డా, నూట డెబ్భై ఏండ్ల ముసలిది,
పండ్లు లేవు, మెత్తగ పెట్టాలె.

లోపల చల్లగుంటది.
మా నాయిన పనిచేసిన మసీదు కమాన్లు,
ఈ చర్చి కమాన్లు
ఒక్క ఇంటి చుట్టాలే అనిపిస్తది,
వీటికి ముక్కు జర పొడుగు, అంతే.
రంగుల అద్దంల గొర్రెపిల్లనెత్తుకున్న దేవుడు
పొద్దున పదింటికి నా తాపీ మీదికి దిగుతడు,
నీలంగ, ఎర్రగ.
పదకొండుకు పోతడు.

గోడల నిండ పాలరాతి పలకలు.
కుండ మీద తల వాల్చి ఏడ్చే ఆడామె,
తిరగేసిన కాగడా, మూసిన కత్తి.
కరుణమ్మ చింతపండుతో ఇత్తడి పలకలు తోముతది,
తోముకుంట నాకు చదివి చెప్తది:
ఈయన కర్నలు, గత్తరొచ్చి పోయిండు.
ఈయన గుర్రం మీదికెళ్లి పడ్డడు.
ఈ దొరసాని తొలికాన్పుల.
గొప్పోళ్లందరు చిన్న చిన్న రోగాలకే పోయిండ్రు.

కిటికీ కింద జానెడు పలక ఒకటి.
పేరు అరిగిపోయింది, అంకెలు మిగిలినై:
పదకొండు నెలలు, పదిహేడు దినాలు.

దినాలు గూడ లెక్కపెట్టిండ్రు.

నేను పుట్టిన సంవత్సరం
బడిపంతులు నా ఎత్తు చూసి రాసిండు.
ఆ రోజు పొద్దు గుంకేదాక
ఆ పలక చుట్టు సున్నం నేనే పెట్టిన,
ఎల్లేశంను ముట్టనియ్యలేదు.

ఇగ పైన.
ముప్పై అడుగుల పరంజ, పావురాల రెట్ట,
దూలాల భుజాల కింద
మూలకొక్కటి చెక్కిన రాయి.
మూడు మూలల్ల ఆకులు, అంచులు వంకరటింకర,
మన దిక్కు చెట్టువి కావు.
ఇంగ్లండు ఆకు అన్నది ఇంజనీరు మేడం,
కాగితం మీద నాలుగూ ఒక్కతీరుగ గీసి ఉన్నై.

నాలుగోది గంట దిక్కు మూల, చీకటి.
కుంచెతోటి మసి దులిపిన.
ఒక కన్ను తేలింది, దాని పక్కన ఇంకొకటి,
వరుసగ కండ్లే కండ్లు.

సీతాఫలం.
కడుపు పగిలి, అటు పక్క పిట్ట పొడిచినట్టు చిన్న గుంట.

ఎవరివయ్యా నువ్వు?
ఆకు చెక్కు అంటే మూడుసార్లు చెక్కినవు,
చూడని చెట్టును దొర బొమ్మల చూసి.
నాలుగోసారికి చెయ్యి విసిగిందా,
గుట్ట మీదికెళ్లి గంపలు దిగే కాలమా అది?
ఇంత ఎత్తుకు ఎవడొస్తడులే అనుకున్నవా?
లేకుంటే దొర ఎక్కొచ్చి చూసి, నవ్వి,
ఉండనియ్యి అన్నడా?
చుట్టు మొత్తం తడిమిన. పేరు లేదు.
ఉలి జారిన గీత ఒకటున్నది, ఎడమచేతి వాటం.

కింది నుంచి మేడం కేకేసింది:
నాలుగో ఆకు ఎట్లుంది?
విరిగిందా? కొత్తగ కట్టాల్నా?

బాగనే ఉన్నది మేడం, అన్న.
కడిగితే చాలు.

పండ్లు తోముకునే బ్రష్షు పట్టుకొని
ఒక్కొక్క కన్ను కడిగిన, మాపటిదాక.
బిల్లుల రాయించిన: ఆకులు, నాలుగు.

నిజం సీతాఫలాలు రావాలంటే
ఇంక ఐదు నెలలు.
పరంజ దిగుతుంటే ఎల్లేశం అడిగిండు:
పండిందా బావా?
లేదురా, నొక్కి చూసిన,
ఇంక గట్టిగనే ఉన్నది.