ఆలస్యానికి కారణం

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా
టిక్కెట్ల కొట్టు. లోపల నేను.
బోర్డు మీద పేరు ఒడియాలో, దాని కింద తెలుగులో,
రెండింటికీ పైన ఒక విమానం.
దాని టిక్కెట్ ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
బరంపురం, రాయగడ, విశాఖ:
మా లోకానికి అవే కొసలు.

దీపాలు పెట్టే వేళకి వస్తాడు బలగ దండాసి,
చిన్న రైలుకి ముప్పై రెండేళ్ళు గార్డు.
రోజుకో రెండు ఊళ్ళు అడుగుతాడు,
మనవరాలి పాత అట్లాసులోంచి
చూపుడువేలితో ఏరుకొచ్చినవి.
"అమ్మీ, ప్రాగ్ నుంచి లిస్బన్‌కి ఏపాటి?"

చూసి చెప్తాను:
రెండువేల రెండొందల నలభై కిలోమీటర్లు.
గాల్లో మూడు గంటల ఇరవై నిమిషాలు.

"నౌపడా నుంచి గుణుపురం తొంభై.
గేదె అడ్డం రాకపోతే అయిదు గంటలు.
గేదె రాని రోజు నానెరగను."

జేబులోంచి నోటుబుక్కు తీస్తాడు.
గళ్ళు చేత్తో గీసినవి, అంచులకి కిరసనాయిలు వాసన.
టెంబూరు, 11 నిమిషాలు, గేదె.
కాశీనగర్, 40, ఏరు పొంగింది.
టెక్కలి, 6, ఇంజనుకి నీళ్ళు.
పాతపట్నం, 4,
కారణం గడి ఖాళీ.
పెన్ను ఆగిన చోట సిరా చుక్క మాత్రం
ఉబ్బి, ఎండి ఉంది.

అడగబోయి ఊరుకున్నాను.
ఆయనే అన్నాడు, రోడ్డుకేసి చూస్తూ:
"కట్ట మీంచి పరిగెట్టుకొస్తంది,
నెత్తిన వంకాయల గంప.
పచ్చజెండా నా సేతిలోనే ఉంది.
ఊపలేకపోనాను."
ఆమె ఎక్కిందో లేదో చెప్పలేదు.

"నీ ఇమానం నడుమ ఎన్ని సోట్ల ఆగుతాది?"
ఆగదు తాతా.
"మరి నడుమనున్నోల్లు?"

అట్లాసులో ఆ మేరంతా
పసుప్పచ్చా, గులాబీ, లేతాకుపచ్చా.
ఏ రంగులో ఎవరు నిలబడి తలెత్తి చూస్తారో
నాకు మాత్రం ఏం తెలుసు?

ఊరడింపుగా ఇంకో మాట చెప్పాను.
లిస్బన్ గడియారం ఒక గంట వెనక తాతా,
పదికి బయల్దేరితే
పన్నెండూ ఇరవైకే దిగిపోతారు.
ఆయన కళ్ళజోడు తీసేశాడు.
"ఆ గంట ఎవుల ఖాతాలో రాస్తారు?
మూడు నిమిషాలు తేడా వస్తే
నాకు మెమో ఇచ్చేవోరు."

వాన మొదలైంది.
బరంపురం బస్సుకి ఇద్దరు వచ్చారు,
ఒడియాలో అడిగి, తెలుగులో బేరమాడి,
మళ్ళీ ఒడియాలో నన్ను తిట్టుకున్నారు.
చిల్లర లెక్కపెట్టేలోగా
దండాసి తాత గొడుగు లేకుండా లేచాడు.
రాష్ట్రం మారితే పాతపట్నం.
ఆటోలో పావుగంట.

కౌంటరు మీద నోటుబుక్కు మరిచిపోయాడు,
ఇవాళ్టి పేజీ తెరిచే ఉంది.
ప్రాగ్, లిస్బన్. 2240. 3.20.
ఆలస్యం గడిలో సున్నా.
కారణం గడిలో, అక్కరలేకపోయినా రాశాడు:
నడుమ ఎవులూ సెయ్యెత్తనేదు.

ఆటో ఇంకా కదల్లేదు,
నాలుగో మనిషి కోసం చూస్తోంది కాబోలు.
నోటుబుక్కు చున్నీలో చుట్టి
మెట్లు దిగి, బురదలో చెప్పు వదిలేసి,
పరిగెడుతూనే
చెయ్యెత్తాను.