పిలిస్తే పలుకుతుంది, తలుపు తీయదు

పుంతా అరేనాస్‌లో గాలి లేచిన రోజు
మనుషులు పట్టుకు నడవడానికి వీధుల్లో తాళ్ళు కడతారు.
రేవు ఆఫీసులో మా సర్వరుకు అలాంటి తాడేదీ లేదు.
తెల్లవారుజామున మూడూ పదికి
నిలబడ్డచోటే నిలబడిపోయేది.

పడిపోవడం కాదు. పడితే లేపొచ్చు.
పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది,
నెట్‌వర్కులోంచి పిలిస్తే "ఆఁ" అంటుంది.
లోపలికి రానిమ్మంటే మాత్రం
గడప దగ్గర కర్సరు మినుకుమంటూ
నన్నే చూస్తుంది.

ఆటుపోట్ల లెక్క రాసే యంత్రం అది.
జలసంధిలో నీరెంత లేచిందో, ఎంత దిగిందో,
ఆరు నిమిషాలకోసారి.
అది ఆగిన రాత్రి ఓడల పైలట్లు ఫోను చేసి
మా అమ్మను తలుచుకుంటారు.

మెమరీ అన్నారు, మార్చాం.
వేడి అన్నారు, జూలై నెలలో,
కిటికీ అద్దం మీద మంచు గీతలు పడుతుంటే!
ఫ్యాను మార్చాం.
సాంతియాగో నుంచి ఒకాయన కరెంటు పెట్టె మార్చమని రాశాడు.
అదీ మార్చాం.
తలగడలు అయిపోయాయి, తలనొప్పి మిగిలింది.

లాగ్ తెరిస్తే తెల్లకాగితం.
చాలా రోజులకు గానీ తట్టలేదు నాకు:
జబ్బు డిస్కుది,
జబ్బు సంగతి రాసుకునేదీ ఆ డిస్కు మీదే.
ఇన్నాళ్ళూ మునిగేవాణ్ణి
లోతెంతో చెప్పమని అడుగుతున్నాను.

పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి
సీరియల్ కేబుల్‌తో పక్కన కట్టేసి కూర్చున్నాను,
ఆఖరి మాట నా చెవిలో చెప్పమని.
మూడూ ఎనిమిది. మాతే చల్లారింది.
మూడూ పది. బ్యాకప్ మేలుకుంది.
ఏళ్ళ వారీగా అరలు తెరుచుకుంటూ వచ్చి
రెండువేల పదకొండు, మే నెల ముందు
చెయ్యి చాపి, అలాగే ఉండిపోయింది.

దాని పేరు పక్కన ఒక్క అక్షరం: D.
లేపలేని నిద్ర.
చంపేద్దామని తొమ్మిదో నంబరు పంపాను.
చావు కబురు అందుకోవాలన్నా
ముందు మెలకువ రావాలి కదా.
దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి.
ఎవరూ పని చెయ్యడం లేదు, భారం పెరుగుతోంది.
అరవై. డెబ్బై నాలుగు.

రెండు నిమిషాలకు కేబుల్ గుండా జారింది నిజం.
ఎప్పుడో చెదిరిన ఒక అర
తన కడుపులో తననే దాచుకుంది.
తెరవబోయినవాడు
తన గుప్పిట్లోని తాళంచెవి కోసం
తానే ఎదురుచూస్తున్నాడు.

పొద్దున, అంటే చీకట్లోనే, తొమ్మిదింటికి
దోన్ ఎవరిస్తో బర్రీయా వచ్చాడు.
యంత్రం వచ్చాక కూడా, నమ్మకం లేక,
చేత్తో లెక్క రాసిన ముసలాయన.
ఉప్పు వాసన పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు:
"మే పందొమ్మిది. గాలి. కరెంటు లేదు, పదకొండు నిమిషాలు."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఆగలేదని అడిగాడు.
ఇన్నేళ్ళూ ఆ అర ఎవరూ తెరవలేదు.
జూన్‌లో కొత్త బ్యాకప్ పెట్టింది నేను.
ఆ మాట చెప్పడానికి
రెండో మాతే కాచుకోవలసి వచ్చింది.

డిస్కుకు నకలు తీశాను. మొదట చూపే, చెయ్యి వద్దు.
తరువాత మరమ్మతు. ప్రతి ప్రశ్నకూ అవును, అవును,
డాక్టరు దగ్గర అబద్ధమాడే మనిషిలా అవును.
చివరికి, పోయి దొరికినవి అనే అరలో
రెండు వందల పన్నెండు ఫైళ్ళు,
పేర్లు ఊడిపోయి, ఒంటి మీద నంబర్లతో.

నేను ఎత్తులు చదివాను. ఆయన పుస్తకం తిప్పాడు.
"ఇది పౌర్ణమి. ఇది రొయ్యల పడవ తిరగబడిన రాత్రి."
పేరు పెట్టిన ప్రతిదానికీ
పెన్సిలు చెవిన పెట్టుకుని, మళ్ళీ తీసుకునేవాడు.

ఒక్కటి మిగిలింది. నలభై ఏడు వేల రెండు వందల పదకొండు.
రాత్రంతా నీరు ఒకే ఎత్తులో.
"సముద్రం అలా ఉండదమ్మాయ్," అన్నాడు,
అయినా తుడిచెయ్యనివ్వలేదు.

ఆ రాత్రి ఇద్దరం గడియారం చూస్తూ కూర్చున్నాం.
మూడూ పది.
మూడూ పదకొండు.
బయట ఎవరి రేకుల కప్పో లేచి, మళ్ళీ పడింది.