ఏడో హోల్, ఎడమ బంకర్

రాస్ అల్ ఖైమాల తెల్లారకముందే
బస్సు మమ్ముల గడ్డి మీద దింపి పోతది.
చుట్టూత ఎర్ర ఇసుక.
నడుమ ఎవరో పచ్చంగి తొడిగినట్టు గోల్ఫ్ మైదానం.
ఆ పచ్చదనంల మళ్ళ గుంతలు తవ్వి
ఓడ మీద తెప్పిచ్చిన తెల్ల ఇసుక పోసిన్రు.
ఈడ ఇసుకకు కరువా అంటే
ఫోర్మన్ రోడెల్ నవ్విండు.
ఈడి ఇసుకకు బంతిని పట్టుకునుడు రాదట.

మొదటి దినం "రేక్ తే" అన్నడు.
షెడ్డెనుకకు ఉరికి
సొట్టవడ్డ రేకుముక్క నెత్తిన పెట్టుకొచ్చిన.
ఇప్పటికీ క్యాంపుల నేను రేకు రాజలింగునే.
తీరా చూస్తే అది దంతె.
ఎడ్లు లేని దంతె,
ఇత్తు పడని సాళ్ళు.

పల్లం దిక్కు దిగాలె, అటే ఎక్కాలె.
ఎనుకకు నడుసుకుంట
నా అడుగులు నేనే మింగుకుంట రావాలె.
రాత్రి నక్క వచ్చి ఎటు పోయిందో,
తొండ తోక ఎక్కడ ఈడ్చిందో
సదివినంకనే చెరుపుత.

రూల్సు రోడెల్ హిందీల చెప్పిండు:
బంతిని కొట్టేదాక ఆడేటోడు ఇసుకను ముట్టద్దు.
కర్ర ఆనియ్యద్దు.
మెత్తగుందా గట్టిగుందా అని చెయ్యి పెట్టి చూడద్దు.
ఎవని అడుగుల పడ్డా అక్కడికెళ్ళే కొట్టాలె.
కొట్టినంక తనే సాపు చేసి పోవాలె.

ఆ రాత్రి బంకు మీద పండుకొని ఒక్కన్నే నవ్విన.
ముట్టద్దు!
మా అయ్య చాయ్ హోటల్ బయట
గోడ మీద బోర్లించిన వేరే గిలాసల
తాగి కడిగి పెట్టిన మాట అది.
ఈడ అది దొరలకు చెప్తున్నరు.
ఆడేటోడు ముట్టద్దు.
ముట్టేటోడు ఆడద్దు.
మొదటిది పుస్తకంల ఉన్నది.
రెండోది యాడా రాయలె.

మొన్న ఆదివారం పొద్దుగూకంగ
ఏడో హోల్ ఎడమ బంకర్ల బంతి పడ్డది,
సక్కగ నా మడిమె జాడల.
తప్పు నాదే. అంచున తీతువు గుడ్ల మీదుండె.
దాన్ని లేపుడెందుకని
పొద్దుగాల ఒక్క అడుగు చెరపకుంట ఇడిసిన.

టోపీ సారు దిగి చూసి తెలుగుల తిట్టుకున్నడు.
ఏడేండ్లల ఆ గడ్డి మీద
నా భాష మొదలు ఇన్నది బూతుగనే.
మొకం జూసి పట్టిండు, "మనోడివేనా? ఏ ఊరు?"
చెప్పిన.
ఇంటిపేరడిగిండు.
నీళ్ళ పైపు సుట్టుకుంట ఇననట్టున్న.

"జర సాపు చెయ్యి. ఎవ్వరు చూస్తలేరు."

దంతె చేతులనే ఉన్నది.
ఒక్క గుంజు సాలు.
"మీరు ముట్టద్దు సార్.
మీ తరపున నేను గూడ ముట్టద్దు."
మర్యాదగనే అన్న.
నాలిక మీద మాత్రం
కలకండ ముక్క ఇరిగినట్టు.

ఒకటి. ఇసుక లేచింది, బంతి లేవలె.
రెండు.
మూడోది అంచు దాకి
పెంపుడు కుక్క లెక్క మళ్ళ ఆయన కాళ్ళకాడికే వచ్చింది.
తీతువు లేచి ఒకటే ఒర్రుడు.
ఐదోసారికి ఎక్కింది.
దంతె దిక్కు సూడకుంటనే పోయిండు,
పేరు మాత్రం నా అంగి మీది బిల్లల సదువుకున్నడు.

కంప్లేంటు పోతదో పోదో.
పోతే ఒక దినం జీతమో, ఇంకేమో.
దిగి ఆయన ఐదు గుంతలు పూడ్చిన,
ముండ్ల బూట్ల జాడలు దువ్విన,
ఎనుకకు నడుసుకుంట అంచు దాకొచ్చిన.
తీతువు మళ్ళొచ్చి గుడ్ల మీద సదురుకుంటున్నది.
మళ్ళ ఒక్క అడుగు మిగిలింది.

మిగలనీ.