నాలిక లెక్క

తిరపతి పశువుల కాలేజీ నుంచి వచ్చిందా పిల్ల, గౌసియా.
చేతిలో ఇనప చట్రం, భుజాన గుడ్డసంచి, చెవెనక పెన్సిలు.
"అవ్వా, మీ ఆవు ముందు ఏ గడ్డి తింటాది?"
దాన్నే అడుగు తల్లీ, అన్నా.

పలమనేరు కాడ మా ఊరెనక గుట్ట,
గుట్టెనక ఏనుగులడివి.
మూడు దినాలు మా నల్లావు ఎనకాలే తిరిగింది
కొరుకులు లెక్కబెడతా.
గెనిమ మింద గరిక, నలభై.
పందిముల్లు గడ్డి, ఇరవై.
బోదగడ్డి కాడ ఆవు వాసన జూసి తుమ్మింది.
సున్నా రాసుకునింది పిల్ల.

నువ్వు శ్రావణంలో వచ్చినావు పాపా.
పందిముల్లు ఇప్పుడు తోటకూర మాదిరి మెత్తన.
కార్తీకంలో రా, ఎన్నేసి సూదుల కట్టయి ఉంటాది,
చీరంచుకు గుచ్చుకోని ఇంటిదాకా వస్తాది,
పసరం చిగుళ్ళలో దిగితే రెండు దినాలు మేత ముట్టదు.
పేరు మాత్రం అదే.

"మరి ఆ పచ్చటి గుబురు? అంత బాగుందే, వదిలేసిందే?"
కాలితో గడ్డి పక్కకి తీసి చూపించినా.
అడుగున పాత పేడ, ఎండి పొక్కు కట్టి.
తన పేడలో మొలిచింది తను తినదు,
ఎంత పచ్చగుండనీ.
మునెప్ప గొర్రెలైతే తింటాయి,
వాటికా పట్టింపు లేదు.

నాలుగో దినం కోడలి జెర్సీని గూడా తోలినా.
షెడ్లో పుట్టింది. కోసి ఏసిన నేపియరు తప్ప
నేల మింద నిలబడిన గడ్డిని ఎరగదు.
పెండ్లింట్లో ఎవురూ పలకరించని చుట్టం మాదిరి
శానాసేపు అట్లే నిలబడింది.
తర్వాత నల్లావు పక్కకి జరిగి
దాని నోరు జూసింది.
అది కొరికిన కాడే కొరికింది.
బోదగడ్డి కాడ అది తుమ్మితే
ఇదీ తుమ్మింది.

"ఈ కొరుకులు ఎవరి లెక్కలో రాయాలవ్వా?"
నాకేం తెలుసు.

ఆ సున్నా గురించి మాత్రం చెప్పినా.
బోర్లన్నీ ఎండిపోయిన ఏడు
ఈ ఆవే, ఈ గుట్ట మిందే,
బోదగడ్డిని మొదుళ్ళ దాకా నమిలింది.
పాలకేంద్రంలో మూత తీసి, ముక్కు చిట్లించి
నా క్యాను ఎనక్కి పంపినారు.
ఆ పాలే కాఫీలో పోసుకోని తాగినాం
నెల్లాళ్ళు, నిమ్మాకు వాసనతో.

సున్నా పక్కన ఏడు గూడా రాసుకో పాపా, అన్నా.
తొందరలో ఏడంకె ఏసింది పిల్ల.
నేను దిద్దలేదు.