చెవి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధి మొదట్లో
రేకు డబ్బా అంత అంగడి నాది.
సేట్ల అంగళ్ళ ముందు ఊడ్చిన దుమ్మును
పొద్దున్నే కొనుక్కోని పోతారు జల్లెడ పట్టేవాళ్ళు.
నా అంగడి ముందు దుమ్మూ పచ్చగానే మెరుస్తాది.
ఇత్తడి. ఎవురూ అడగరు.

మా నాయన గైబుసాబు
బీగాన్ని చెంపకు ఆనించుకోని వినేవాడు.
మసి పూసిన రేకుముక్క లోపలికి పెట్టి, తిప్పి, బయటికి తీసి
గీత పడినకాడ ఆకురాయితో నాలుగు రుద్దులు.
మళ్ళా వినేవాడు.
"చెవి అని ఊరికే అన్లేదురా దీన్ని" అనేవాడు.

ఇప్పుడు వినేది నేను గాదు.
నల్ల పిడిలో బియ్యపుగింజంత చిప్పు ఉంటాది.
దానికి బ్యాటరీ లేదు, ఊపిరి లేదు.
స్టీరింగ్ పక్కన తీగచుట్ట పిలిస్తే
తన అంకె తాను చెప్తాది.
చెప్పకపోతే రెండు సెకన్లు ఉరిమి బండి ఆగిపోతాది,
ఎర్ర బీగం బొమ్మ కన్ను కొడతాంటాది.
ఆ గింజ సంగతి తెలీక
మైదుకూరు ట్యాక్సీ ఆయప్ప
నూర్రూపాయల డూప్లికేట్ చేపిచ్చుకోని
పోరుమామిళ్ళ దారిలో రాత్రంతా పండుకున్నాడు.
తలుపు తెరుచుకుందంట. అంతే.

కత్తి మాదిరి మడిచే చెవులు వచ్చినాయి.
అంచుల్లో పళ్ళు లేకుండా
నడిమధ్య వాగు పారినట్టు గాడి ఉండేవి వచ్చినాయి.
ఆ గాడి తీసే మిషను కోసరం మా ఆడమనిషి గాజులు
ఇదే వీధిలో కుదవపెట్టినా.
ఇంగ ఇప్పుడు దూర్చే పనే లేనివి.
జోబీలో ఉంటే చాలు, బటన్ నొక్కితే బండి లేస్తాది.
దాంట్లో రూపాయిబిళ్ళంత సెల్లు అయిపోతే
చెవే చచ్చిపోయిందని మొగం వేలాడేసుకోని వస్తారు.
ఎనిమిదివేలు అనొచ్చు. నోరు రాదు.
అరవై తీసుకుంటా.

నిన్న మధ్యాన్నం, కరెంటు లేనప్పుడు,
జమ్మలమడుగు నుంచి సుభాషిణి టీచరు తెల్లబండి తెచ్చింది.
ఒగ చెవి చేతిలో ఉంది.
"ఇంకోటి చెయ్యాల్నా" అంటే
"చెయ్యొద్దు. ఉన్న ఇంకోదాన్ని బండి మర్చిపోవాల" అన్నది.
ఎవురికాడ ఉందని నేను అడగలేదు.
ఆర్సీ అడిగినా. అడగాల గదా.
ఆయమ్మ పేరే. అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం కూడా.

స్టీరింగ్ కింద, మోకాలికాడ తీగ తగిలించి చూస్తే
తెర మీద చెవులు రెండు.
"ఒగదాన్నే తుడిచేదానికి రాదు టీచరమ్మా,
అన్నీ తుడిచి, చేతిలో ఉండేదాన్ని మళ్ళా చూపిచ్చాల."
తల ఊపింది.
నొక్కినా.
చెవులు సున్నా.

ఆ ఒక్క నిమిషం
పదకొండేండ్లు తోలిన బండికి
ఆయమ్మ కూడా ఎవురో.
పక్కసీట్లో దిద్దాల్సిన పేపర్ల కట్ట, సగం తిన్న శెనిగిల పొట్లం.
స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకునింది,
ఊరోళ్ళ ఇంట్లో కూచ్చున్నట్టు.
ఎర్రబొమ్మ కన్ను కొడతానే ఉంది.
ఇట్లాంటప్పుడు ఏం మాట్లాడాల్నో
నాయన నేర్పలేదు.

తిప్పమన్నా. గింజ పలికింది. బండి వినింది.
తెర మీద, ఒగటి.

"పాత చెవితో తలుపు ఇంగా తెరుచుకుంటాది" అని
దాచకుండా చెప్పినా.
"బండి మాత్రం కదలదు. తలుపు కూడా వద్దంటే
బీగాలు మార్చాల. దాని రేటు వేరే."
కొంచేపు ఆలోచించి నవ్వింది.
"తెరుచుకోనీలే ఇమామూ.
లోపల కూచ్చోని తిప్పుకుంటా ఉండనీ."

సాయంత్రం కరెంటు వచ్చినాక
కమలాపురం రైతు ఒగాయన ట్రాక్టరు చెవి తెచ్చినాడు,
సగానికి ఇరిగింది. చిప్పూ లేదు, ఏమీ లేదు.
ఆకురాయి తీసినా.
రుద్దతా రుద్దతా
ఎందుకో దాన్ని చెంపకాడికి ఎత్తుకున్నా.
ఆయన నన్నొక తీరుగా చూసినాడు.
"నలభై" అన్నా.