రివర్సు దీపం

పార్కులో పెడితే న్యూట్రల్ అంటుంది,
రివర్సు వేస్తే ఏమీ అనదు.
వారం రోజులుగా మా పికప్పుకి
తనెక్కడుందో తనకే తెలియడం లేదు.

సస్కాచెవాన్. అక్టోబరు చివర.
కంకర మీద అట్టముక్క,
దాని మీద నా వీపు, వీపులోకి పాకుతున్న నేల చలి.
చక్రాలకి కట్టెలు అడ్డం పెట్టి
ఒకటికి రెండుసార్లు తన్ని చూశాడు అంబ్రోజ్ మామయ్య.

చిన్నప్పుడు లైటు పట్టుకునేది నేను.
"వెలుగు కావలసింది నా చేతికే, నీ కళ్ళకి కాదు డెల్ఫీన్!"
ఇప్పుడు లైటు ఆయన చేతిలో.
నేను బోల్టు వెతుకుతుంటే అది ఇరుసు మీద,
బోల్టు దొరికేసరికి అది గడ్డి మీద.
అదే మాట నోటిదాకా వచ్చింది.
నూనె చుక్క పెదవి మీద పడింది. ఊరుకున్నాను.

బోల్టులు రెండు. ఒకటి వచ్చేసింది.
రెండోది తుప్పుతో కాపురం పెట్టింది,
దాన్ని విడదీసేసరికి పొద్దు వాలింది.

పాత సెన్సరు అరచేతిలో ఇమిడింది.
ఇంత ముక్కా అంత బండినీ అయోమయం చేసింది!
కొత్తది బిగించే ముందు, న్యూట్రల్‌లోనే, గీతకి గీత కలవాలి,
వెంట్రుకవాసి తప్పినా మళ్ళీ మొదటికే.
లైటు వస్తుందని చూడలేదు,
గోటితో తడిమి కలిపాను.

ఇంజిన్ వేయకుండా తాళం మాత్రం తిప్పి
రివర్సులో పెట్టి కేకేశాను:
"వెనక తెల్ల లైటు వెలిగిందా?"

జవాబు లేదు.

పక్క అద్దంలో మామయ్య
చేతి తొడుగు పళ్ళతో లాగేసి
అరచెయ్యి దీపానికి ఆనించి నిలబడ్డాడు,
ముఖం కోసిన పొలం వైపు.

చాలాసేపటికి అన్నాడు:
"వెలిగిందే. వెచ్చబడుతోంది."