దియాయ్

బార్కస్ల మూడో గల్లీ. ఆదివారం, పోలియో చుక్కలు.
భుజానికి ఐసు డబ్బా, చేతిల సుద్దముక్క.
తలుపు కొట్టకముందే లోపల్నుంచి
"దియాయ్! దియాయ్!"
నన్నే పిలుస్తున్నరనుకున్న.

వాకిట్ల ముజ్నా దాదీ
ఒడిల నూకలు పోసుకొని కూసున్నది.
ఎక్కడెక్కడి కోళ్లో ఆమె కాళ్లకాడికి ఉరికొస్తున్నయి.

"దజాజ్ అనాలె దాదీ"
అరబ్బీ కితాబుల వేలు వెట్టి
చూపిచ్చిండు మనుమడు సల్మీన్.

"నిజాం ఫౌజుల చేర వచ్చినప్పుడు
మా తాత కితాబు తేలే బిడ్డా,
నోరొక్కటే తెచ్చిండు"
సగం ఉర్దూల, సగం తెలుగుల, నాతోని అన్నది.
ఆ నోట్ల మిగిలినయి ఎన్నో వేళ్లమీద లెక్కవెట్టింది:
కోడి, నీళ్లు, ఇటు రా, సచ్చినోడా.
ఇంకోటేందో, నవ్వింది, చెప్పలే.

నాకు మూడో తరగతి యాదికొచ్చింది.
అంగి అన్నందుకు బెంచీ ఎక్కిచ్చిండు సారు.
చొక్కా అనాలంట.
ఇంటికొచ్చి అమ్మతోని చొక్కా అన్న.
కిరాయికి ఇల్లడగొచ్చినోళ్లను చూసినట్టు
చూసింది అమ్మ.

పిల్లకు రెండు చుక్కలేసి
చిటికెనవేలికి గుర్తు వెట్టిన.
సల్మీన్ నాకో జాంపండు ఇచ్చి
జిద్దుకు మల్లొక్కసారి పిలిచిండు, దజాజ్!
ఒక్క కోడి తల ఎత్తలే.

దాదీ గెలిచినట్టు నవ్వలే.
నూకలు దులుపుకుంట,
"వాడు చెప్పిందే సహీ గావచ్చు.
నేను పోకముందే వీటికి నేర్పియ్యాలె" అన్నది.

తలుపు మీద సుద్దతోని నంబరేసి
గల్లీ మలుపు కాడ, మెల్లగ, అని చూసిన:
దియాయ్.
ఎవరూ లేరు.
అంగి, అని గూడ అన్న.